పది గంటల జాలరి

సముద్రానికి రెండు వీధుల ఇవతల ఒక చిన్న ఇల్లు. మధ్యాహ్నం. గుమ్మం ముందు నీడలో వల బాగుచేసుకుంటున్న జాలరి, లోపల పొయ్యి దగ్గర ఆయన భార్య, ఆయన ఎదురుగా హోటల్లో పనిచేసే ఆమె తమ్ముడు.

"కడుపు కోసేసి ఉందా?"

"మెల్లగా మాట్లాడు బావా. వీధిలో వింటారు."

"వినాల్సినవాళ్ళు ఈపాటికే వినుంటారులే. నాకు సరిగ్గా చెప్పు. నువ్వు సముద్రంలోంచి వల లాగావు. వల్లో చేప పడింది. ఆ చేపకి కడుపు కోసేసి ఉంది. అంతేనా?"

"ఒకటి కాదు. ఆరు."

"ఆరింటికీనా?"

"పొలుసు కూడా తీసేసి ఉంది."

"ఏమే, ఆ పొయ్యి ఆపేసి ఇటు రా. నీ తమ్ముడు పట్టిన చేపల్ని చూసే అదృష్టం మనకెటూ లేదు, కనీసం విను. ఒళ్ళు శుభ్రం చేసుకుని మరీ వచ్చాయట వల్లోకి."

"విన్నానులేవయ్యా. వాడసలే ఏడవలేక నవ్వుతున్నాడు. తమ్ముడూ, ముందు ఈ నీళ్ళు తాగు."

"వద్దక్కా."

"తాగమంటున్నానా. మొహం చూడు ఎలా పీక్కుపోయిందో. అసలు అలా ఎలా జరిగిందిరా?"

"రోజూ జరిగేది నీకు తెలుసు కదా. వంటగదిలో పెద్దాయన ముందురోజు చేపలు ఐదో ఆరో తీసి పక్కన పెడతాడు. తొమ్మిదిన్నరకి వాటిని గుడ్డసంచీలో పోసుకుని మోకాలి లోతు నీళ్ళలో రాయి కింద పెట్టొస్తాను. పదింటికి టూరిస్టులు కుర్చీల్లో కూర్చున్నాక వల విసిరి, కాలితో సంచీ ముడి విప్పి..."

"కాలితో. ఆ ఒక్కటి మాత్రం బాగా నేర్చుకున్నాడే."

"చెప్పనీ బావా. మొన్న పెద్దాయన సెలవు పెట్టాడు. కొత్త వంటవాడు సంచీ కట్టి ఇచ్చాడు. నేను విప్పి చూసుకోలేదు. వాడు కూరకి కోసి పెట్టినవి ఇచ్చేశాడు."

"బరువు తెలియలేదా చేతికి? కడుపున్న చేపకీ కడుపు లేని చేపకీ?"

"చేప చేపేగా అనుకున్నా."

"అనుకుంటావు. టైలరువి నువ్వు. ఎవరైనా చేతుల్లేని చొక్కా తెచ్చి చొక్కా చొక్కాయేగా అంటే ఒప్పుకుంటావా?"

"ఏమయ్యా, వాడు చెప్పేది పూర్తిగా విను ముందు. ఎంతమంది చూశార్రా?"

"రెండు బస్సులవాళ్ళు. మామూలుగా దూరం నుంచి ఫోటోలు తీసుకుని చప్పట్లు కొట్టి వెళ్ళిపోతారు. ఆ రోజు ఒక ముసలామె నీళ్ళలోకి దిగి వచ్చింది. చేపని తిరగేసి, వేలు పెట్టి చూసి, ఇదెవరు కోశారని అడిగింది."

"నువ్వేమన్నావు?"

"ఏదో అన్నాను."

"అదే, ఏమన్నావు?"

"ఇక్కడ నీళ్ళ అడుగున రాళ్ళు చాలా పదునుగా ఉంటాయని."

"ఓహో. ఆరు చేపల్నీ ఒకే కొలతకి కోసే రాళ్ళు."

"నవ్వకు బావా. అక్కా, నువ్వు కూడానా?"

"నేను నవ్వలేదురా. దగ్గొచ్చింది."

"రేడియోలో మంత్రిగారు చెప్తున్నారు. పోయినేడాది పది లక్షల మంది విదేశీయులు వచ్చారట మన తీరానికి. ఈ ఏడాది పదిహేను లక్షలట. ఇంత మందిలో ఒక్క ముసలామెకి కళ్ళున్నాయి. ఆమె కాళ్ళకి దణ్ణం పెట్టాలి."

"వచ్చేవాళ్ళని అనకు. వాళ్ళొచ్చాకే కదా ఊరు బాగుపడింది. విమానాలు దిగుతున్నాయి. రోడ్డు పడింది."

"పడింది. ఎక్కడిదాకా? హోటలు గేటు దాకా. అక్కణ్ణుంచి మన వీధికి అవే గుంతలు. సముద్రం చూడ్డానికి ఇరవై గంటలు ఎగిరొచ్చి, సముద్రం పక్కనే ఒక నీళ్ళ గుంట తవ్వించుకుని అందులో ఈదుతారు. మన కుళాయిలోకి మాత్రం రోజు విడిచి రోజు నీళ్ళు. మనం ఎండని చూసి నీడకి పోతాం. వాళ్ళు నూనె రాసుకుని మరీ ఎండలో వేగుతారు. పోనీ వేగనీ, వాళ్ళ ఒళ్ళు వాళ్ళిష్టం. నేను పడవ పెట్టుకునే చోటే దొరికిందా వాళ్ళకి వేగడానికి?"

"కుర్చీలు వేసింది వాళ్ళు కాదు కదా, హోటలువాళ్ళు."

"ఎవరైతేనేం. పడవ నీళ్ళలోకి దించాలంటే గొడుగుల మధ్య నుంచి సారీ సారీ అనుకుంటూ ఈడ్చుకెళ్ళాలి. మొన్నొకడు నా పడవ మీద కాలేసి నిలబడి, నన్ను పక్కకి జరగమన్నాడు. ఎందుకంటావా, ఫోటోలో అడ్డొస్తున్నానట."

"జరిగావా?"

"జరిగాను."

"పోనీలేవయ్యా. ఇవన్నీ రోజూ ఉండే గొడవలేగా."

"నీ తమ్ముడు వాళ్ళ తరఫున మాట్లాడుతుంటే గుర్తొచ్చాయి. సరే బామ్మర్దీ. చెప్పావు, విన్నాం, నవ్వుకున్నాం. వచ్చిన పనేంటి?"

"ఊరికే వచ్చాను. అక్కని చూసి చాలా రోజులైందని."

"ఆదివారమే చూశావు."

"అంటే... మళ్ళీ చూద్దామని."

"చూశావుగా. ఇక బయల్దేరు. సాయంత్రం బస్సులొస్తాయి మీ హోటలుకి."

"బావా, రేపు టీవీ వాళ్ళు వస్తున్నారు."

"రానీ."

"మూడు దేశాల్లో చూపిస్తారట. మాకు బస్సులు పంపే పెద్ద కంపెనీ వాళ్ళు కూడా వస్తున్నారు. ఆ ముసలామె ఆ రాత్రే, చేప ఫోటోతో సహా అంతా నెట్లో రాసి పెట్టింది. వాళ్ళు చదివారు. రేపు సంచీ గించీ కుదరదన్నాడు మేనేజరు. వల నడుం లోతులో వెయ్యాలి. గుండ్రంగా విచ్చుకోవాలి. చేపలు ప్రాణంతో పడాలి. లేకపోతే పది గంటల ఆటే ఎత్తేస్తారు. నన్నూ పంపించేస్తారు."

"ఎత్తేయనీ. పీడ పోతుంది. వెళ్ళి బట్టలు కుట్టుకో హాయిగా."

"మిషను అమ్మేశాను బావా."

"ఎప్పుడురా? నాతో ఒక్క మాట అనలేదేం?"

"రెండు నెలలైందక్కా. కుట్టించుకునేవాళ్ళెవరు? ఊరంతా ఆ కొబ్బరిచెట్ల బొమ్మల చొక్కాలే కదా. ఈ పని పోతే నాకింకేం లేదు. ఇంట్లో ఇంకా చెప్పలేదు. నా పెళ్ళాం నీళ్ళోసుకుని ఉంది, ఎలా చెప్పను?"

"ఏమయ్యా, విన్నావా?"

"విన్నాను."

"విని ఊరుకుంటావేం?"

"ఏం చెయ్యమంటావు? చేపలకి ఉత్తరం రాయనా, రేపు పదింటికి ప్రాణాలతో రమ్మని?"

"బావా, నువ్వు రావాలి."

"ఎక్కడికి?"

"హోటలుకి. రేపు ఒక్కరోజు. నా బదులు నువ్వు దిగి వల వెయ్యి. నేను ఒడ్డున నిలబడి వాళ్ళ భాషలో చెప్తాను. అంతే. గంట పని."

"రాను."

"గంటే బావా."

"అరగంటైనా రాను."

"వెళ్తే నీదేం పోతుందయ్యా?"

"నా మొహం పోతుంది. అడుక్కోవడానికైనా వెళ్తాను గానీ ఆ గేటులోకి రాను. ఇలా లే బామ్మర్దీ. నేర్పిస్తాను. లేచి నిలబడు."

"ఇప్పుడా? ఇక్కడా?"

"రేపు పదింటి లోపల ఇంకెప్పుడు? ఈ తాడు ఎడం మణికట్టుకి కట్టుకో. వల సగం మోచేతి మీద వేసుకో. ఆ అంచు పళ్ళతో పట్టు."

"పళ్ళతోనా? ఛీ, ఉప్పగా ఉంది."

"సముద్రంలో తిరిగే వల తియ్యగా ఉంటుందా? అసలు నీ వలకి సీసం గుళ్ళున్నాయా?"

"లేవు. టూరిస్టులకి తగుల్తాయని తీయించేశారు."

"మరి నీళ్ళలో ఎలా మునుగుతుంది?"

"మునగదు. తేలుతుంది. ఫోటోలో అదే బాగుంటుందట."

"విన్నావటే? తేలే వల. సరే, ఇది మునిగేది, జాగ్రత్త. అంచు కొరికి పట్టు. ఇప్పుడు నడుం తిప్పి విసురు. నడుం అన్నాను, మెడ కాదు. నోట్లోది వదులు. వదలరా బాబూ, పళ్ళు ఊడొస్తాయి."

"అయ్యో. అక్క మీద పడింది బావా."

"పడనీ. ఒక్కటైనా ప్రాణంతో దొరికింది."

"మీ ఆటలు తగలెయ్య. తియ్యండి ఈ కంపు నా మీద నుంచి. జుట్టులో చిక్కుకుంది. నేను పదేళ్ళ నుంచి చూస్తున్నాను, ఈయన చేతిలో పువ్వులా విచ్చుకుంటుంది. వీడు విసిరితే తడిబట్ట పడ్డట్టు పడింది. ఇది రేపటికి వచ్చేది కాదయ్యా."

"రేపటికే కాదు, వచ్చే ఏడాదికి కూడా రాదు. మా నాన్న నా చేత మూడేళ్ళు ఇసుకలో విసిరించి, ఆ తర్వాతే నీళ్ళలోకి దింపాడు."

"అందుకే కదా నిన్ను రమ్మంటున్నది. బావా, నేను మేనేజరుకి చెప్పేశాను కూడా."

"ఏం చెప్పావు?"

"మా బావ వస్తాడని. ఈ తీరంలో ఆయనంతటివాడు లేడని."

"ఎవరు చెప్పమన్నారు నిన్ను?"

"ఎంత సంతోషించాడో తెలుసా? నిజమైన జాలరి కోసమే కదా ఇన్నాళ్ళూ వెతుకుతున్నాను అన్నాడు."

"అలా అన్నాడా?"

"అవును. ఎందుకలా చూస్తావు?"

"ఏం లేదు. అలాగే అన్నాడా?"

"ఆ మాటే అన్నాడు. ఒట్టు. నీ పేరేమన్నా అడిగాడేమో అనుకుంటున్నావా బావా? అడగలేదు. రేపు చూస్తాను కదా అన్నాడు."

"చూడక్కర్లేదు. రానని చెప్పు."

"బావా..."

"ఇంకో మాట చెప్పు. రమ్మని తప్ప ఏదైనా అడుగు."

"చాల్లేవయ్యా నీ పౌరుషం. ఇంట్లో మనిషి వీధిన పడుతుంటే గంటసేపు నీళ్ళలో దిగలేని పౌరుషం. నువ్వు పడవ దించి ఎన్నాళ్ళైంది? నాకు తెలియదనుకుంటున్నావా? పొద్దున్నే వల భుజాన వేసుకుని వెళ్తావు, ఆ కుర్చీల వెనక కూర్చుంటావు, ఎండ నెత్తికెక్కాక వస్తావు. నేను అడిగానా? ఒక్కరోజు అడిగానా?"

"అడగలేదు."

"అడగను కూడా. అది నీ బాధ. కానీ వాడి నోటికాడి కూడు ఎందుకు లాగుతావు? పొద్దస్తమానం వాణ్ణి వెక్కిరిస్తావు. సంచీ అంటావు, తేలే వల అంటావు. వాడు చేసేది దొంగపని కాదు కదా, ఏదో పొట్టకూటికి వేషం."

"నేను కాదన్నానా?"

"ఎనిమిది నెలల నుంచి అంటూనే ఉన్నావు. వాడు ఆ పనిలో చేరిన రోజు నుంచీ ఒక్కపూట వాడితో సరిగ్గా మాట్లాడలేదు. వాడు స్వీటు తెస్తే ముట్టుకోలేదు."

"పోనీలే అక్కా. బావకి నేనంటే చులకన, అంతే. నాకు తెలుసు. నిజంగా సముద్రం మీద బతికినాయనకి నన్ను చూస్తే ఒళ్ళు మండుతుంది. మండాలి కూడా. వెళ్తాను."

"కూర్చో."

"వద్దులే బావా."

"కూర్చోమన్నాను. నువ్వంటే చులకన కాదు."

"మరేంటయ్యా? పౌరుషం కాక, చులకన కాక, ఇంకేంటి?"

"వదిలెయ్యవే."

"వదలను. చెప్పు."

"ఒకరోజు మత్స్యకారుల సంఘం ఆఫీసుకి వెళ్తున్నానని చెప్పి, చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాను నీ చేత. గుర్తుందా?"

"తెల్ల చొక్కా. వీడు హోటల్లో చేరడానికి వారం ముందు. ఇప్పుడు అదెందుకు?"

"సంఘానికి కాదు వెళ్ళింది."

"మరి?"

"జాలరి కావాలని గేటు మీద కాగితం అంటించారు. వల తీసుకుని వెళ్ళాను."

"మా హోటలుకా? నువ్వా బావా? నాకెవరూ చెప్పలేదే. మేనేజరు చూశాడా నిన్ను?"

"చూశాడు. నాలుగుసార్లు వల వేయించాడు. మూడుసార్లు చేప పడింది. చప్పట్లు కూడా కొట్టాడు."

"మరింకేం? తీసుకోలేదా?"

"ఎండలో నిలబెట్టి ఇటూ అటూ తిప్పి ఫోటో తీశాడు. అది చూసుకుని, వల బాగా వేశావు గానీ నువ్వు జాలరిలా లేవు, వెళ్ళు అన్నాడు."