జాకరగుడ పేజీ

రెండువేల ఎనిమిది, వేసవి చివర. అరకు సంత పక్కన, జిరాక్స్ కొట్టు వెనక గదిలో నెట్ సెంటరు. ఆశ్రమ పాఠశాల టీచరు మాధవి తెర ముందు కూర్చుంది. ఒళ్లు మండిపోతోంది. మండదూ మరి, ఆమె రాసిన పేజీ తుడిచేసిన పెద్దమనిషి మొహాన నవ్వు పులుముకుని వచ్చి పక్క కుర్చీలోనే చేరాడు. ఆమె తండ్రి సోములు సంచి ఒళ్లో పెట్టుకుని గుమ్మం దగ్గర బెంచీ మీద ఉన్నాడు.

“మళ్లీ తీసేశారు, వరహాలరావుగారూ.”

“నానేటి తీసేను టీచరమ్మా? ఎవుడో తీసుంటాడు. ఎవుడైనా రాసుకోవచ్చట కదా ఆ వికీపీడియాలో.”

“రాసుకోవచ్చు. ‘అరకు అందాలు’ అని పేరు పెట్టుకుని రాస్తున్నది మీరు.”

“నానా? నాను రిసార్టు మేనేజర్ని. రూములు, గెస్టులు, భోజనాలు. నాకీ రాతకోతలేటి తెలుసు?”

“మా జాకరగుడ పేజీ కింద ‘రూముల కోసం సంప్రదించండి’ అని సెల్ నంబరు పెట్టారు. అది మీ నంబరే.”

“అది... కుర్రోళ్లు పెట్టుంటారు.”

“మా ఊరి పేజీలో ఇప్పుడు మా ఊరే లేదండీ. మీ స్విమ్మింగ్ పూలుంది. మీ క్యాంప్ ఫైరుంది. ‘అతిథుల వినోదానికి గిరిజన నృత్యం’ అట. మేం మొక్కే శంకుదేవుడి రాళ్లు అని నేను రాస్తే, ‘శిలల నడుమ పిక్నిక్ స్పాట్’ అని మార్చారు.”

“అందంగా ఉంటాదని...”

“ఏం అందం? విత్తే ముందు చేసే ఇటుకల పండక్కి ఊరంతా ఇంటింటి విత్తనాలూ బుట్టల్లో తెచ్చి ఆ రాళ్ల ముందు పెడతాం. అక్కడ పెట్టనిదే సామలు చల్లం, చోళ్లు చల్లం. ఈ ఏడు మీరు కంచె వేసి తాళం పెట్టారు. ముసలమ్మలు బుట్టలు నెత్తినెట్టుకుని గేటు బయట నిలబడ్డారు.”

“ఆ రోజు గెస్టులున్నారమ్మా. ఫుల్ బుకింగు.”

“ఆ ముసలమ్మల్ని పొమ్మన్నది ఎవరో తెలుసుగా? గేటు కాపలా మా నాన్న. తన ఊరివాళ్లని తనే పొమ్మన్నాడు. ఆ పూట ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. వానలు దగ్గరకొచ్చాయి, బుట్టలింకా ఇళ్లలోనే ఉన్నాయి.”

“ఉద్యోగం అంటే ఉద్యోగమే కదా. ఏటి సోములూ, అవునా కాదా?”

“అవును బాబూ.”

“ఆయన్ని లాగకండి. మొన్న ఊరి మీటింగులో రాళ్ల సంగతి అడిగితే మీ యజమాని దుర్గాప్రసాద్‌గారు ఏమన్నారు? నెట్‌లో కూడా పిక్నిక్ స్పాటనే ఉంది, చూసుకోండి అన్నారు. రాసేదీ మీరే, దాన్నే సాక్ష్యం చూపించేదీ మీరే. ఛీ.”

“ఛీ అంటావేటి? మర్యాదగా మాటాడు.”

“మర్యాదగానే చెప్తున్నా. వికీలో ఒక నిబంధన ఉంది. మనకి జీతమో, లాభమో, చుట్టరికమో ఉన్నదాని గురించి మనం రాసుకోకూడదు. ముందు చర్చ పేజీలో ఆ సంబంధం బయటపెట్టాలి. మార్పులు వేరేవాళ్లకి వదిలేయాలి. మీరు అక్కడ జీతగాళ్లు. ఆ ఒక్క మాట రాయండి.”

“రాయకపోతే?”

“నిర్వాహకులకి చెప్తా. మీ నంబరు చూపిస్తా.”

“ఆ నిబంధన అందరికీ ఒకటేనా?”

“ఒకటే.”

“సుట్టరికం ఉన్నోళ్లూ రాయకూడదు?”

“రాయకూడదు.”

“మరి నువ్వెలాగ రాస్తన్నావు?”

“నేను రాసింది మా ఊరి సంగతి. మీ రిసార్టుతో నాకేం సంబంధం?”

“రిసార్టు ఎవుడిదనుకుంటన్నావు?”

“దుర్గాప్రసాద్‌గారిది.”

“డబ్బులు ఆయనవి. ఏజెన్సీలో గిరిజనులు కాని మాలాటోళ్లు సెంటు భూమి కొనకూడదు కదా, సట్టం మీ దిక్కున్నాది. అందుకని అంతా మీలో ఒకడి పేరున ఉండాల. ఉన్నాది. భూమీ, బిల్డింగూ, లైసెన్సూ అన్నీ సోములు పేరునే. నాను ఒట్టి జీతగాణ్ణి. నువ్వు యజమాని కూతురివమ్మా.”

“అబద్ధం.”

“మీ నాయన్నే అడుగు.”

“నాన్నా, వీళ్లు నీ చేత ఏమైనా సంతకాలు పెట్టించారా?”

“సంతకం నాకెక్కడొచ్చు అమ్మీ. ఏలిముద్రలు. గేటు ఉద్యోగానికన్నారు. జీపులో ఆఫీసుకి తీసుకెల్లేరు, టిపినీ ఎట్టించేరు. కాపలాకి ఇన్ని ఏలిముద్రలేటి బాబూ అంటే, గవర్నమెంటు రూలు సోములూ అని నవ్వేరు.”

“ఛీ. ఛీ. ఒంటి మీద ఏదో పాకుతున్నట్టుంది. ఇడ్లీ ముక్క పెట్టి... ఎలా నవ్వగలిగారండీ మీరు?”

“నీతులాపు. నిబంధన నువ్వే సెప్పేవు కదా, పేజీ వదిలీసి బేగి ఇంటికెల్లు. ఇది బయటికొచ్చిందనుకో, ముందు కేసు పడేది పేరున్నోడి మీదే. మాకేటి, కొండ దిగి పోతాం.”

“సరే. వదిలేస్తున్నా.”

“అదీ. సదువుకున్న గుంటవి అనిపించేవు... ఏటది? మళ్లీ ఏటి టైపు సేత్తన్నావు?”

“వదిలేసేటప్పుడు సంబంధం చెప్పి వదలాలి కదండీ.”

“ఏటి రాసేవు? సదువు.”

“‘ఇకనుంచి నేను ఈ పేజీలో మార్పులు చెయ్యను. ఈ రిసార్టు యజమాని మా నాన్న సోములు అని దాని మేనేజరు వరహాలరావుగారు ఇవాళే నాకు చెప్పారు. మా నాన్నకి కూడా ఇవాళే తెలిసింది. ఆయన అదే రిసార్టులో గేటు కాపలాదారు.’”

“తీసీ. మాధవమ్మా, అది తీసీ. నా పేరెందుకమ్మా మధ్యన?”

“చెప్పింది మీరే కదా. నొక్కేశాను. ఎవరైనా చదువుకోవచ్చు.”

“సోములూ, సెప్పు నీ కూతురికి. నీ మెడకే సుట్టుకుంటాది. తీసీమని సెప్పు.”

“బాబూ, ఒక మాట అడగాల.”

“అడుగు, బేగి అడుగు.”

“యజమాని నానేనా? నిజమేనా?”

“అదీ... కాగితం మీద. కాగితం మీద నువ్వే.”

“దుర్గాపెసాదు బాబు కాదు?”

“కాగితం మీద కాదు. ఇప్పుడదంతా ఎందుకు సోములూ?”

“అమ్మీ, లెగు. సంతలో మనోళ్లున్నారు, ఇత్తనాల బుట్టలు రాళ్లకాడికి తెమ్మని సెప్పు. గేటు తాళాలు నా సంచిలోనే ఉన్నాయి.”