వదిలేస్తేనే నయం

మిసిసిపీలోని ఆ ఇంట్లో మూడు రోజులుగా టీవీ మోగుతూనే ఉంది. అమెరికన్ ఫుట్‌బాల్ జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకుంటున్నాయి. ఎంచుకున్నవాడికి టీవీలో పేరు చెప్పకముందే ఫోనొస్తుంది. మనవడి ఫోను నానమ్మ ఒళ్లోనే ఉంది.

"ఇందాక ఎవరు నానమ్మా?"

"మీ లొరెటా అత్త. ఫోనొచ్చిందా అని అడగడానికి ఫోన్ చేసింది. అయినా, ఓడిన జట్లకే ముందు వంతన్నావు కదా, వాళ్లకైనా కనపడలేదట్రా నువ్వు?"

"ఇంకా ఇద్దరినే తీసుకుంటారు. ఇక నన్ను వదిలేస్తేనే నయం."

"అదేం మాటరా?"

"ఎంచుకుంటే వాళ్ల దగ్గరికే పోవాలి. ఎవరూ ఎంచుకోకపోతే, రమ్మన్నవాళ్లలో నచ్చిన జట్టు నేనే చూసుకోవచ్చు."

"అయితే వీణ్ణి ఎవరూ పిలవకుండా చూడు ప్రభువా."

ఫోను మోగింది.

"ఇది అత్త నంబరు కాదురా. రాంగ్ నంబరని చెప్పి పెట్టేయనా?"

అంత భారీ మనిషీ సోఫా మీంచి ఒక్క గెంతు గెంతాడు.

"వద్దు నానమ్మా, ఇటివ్వు. ఇటివ్వు."