ఒళ్లు లేని మనిషి

కుట్టు దుకాణాన్ని కంపెనీగా రిజిస్టరు చేయించడానికి ఇక అమ్మ సంతకం ఒక్కటే మిగిలింది. ఆఫీసు బల్ల దగ్గర పెన్ను పట్టుకున్న ఆమె మాత్రం కాగితాలు మళ్లీ మొదటినుంచి చదువుతోంది.

"కంపెనీ అంటే ఒక వ్యక్తి అని రాశారేమిటే ఇందులో?"

"చట్టం దృష్టిలో అంతేనమ్మా," అంది కూతురు. "దానికి సొంత పేరుంటుంది, అది ఇల్లు కొనుక్కోవచ్చు, కోర్టుకీ వెళ్లచ్చు."

"పుట్టకముందే కోర్టేమిటే? మంచి మాటే రాదు నీ నోట."

"వెళ్లచ్చన్నాను, వెళ్తుందనలేదుగా."

"జబ్బు చేస్తేనో?"

"చేయదు. దానికి ఒళ్లే లేదు."

"ఒళ్లు లేకపోతే దయ్యమంటారు గానీ మనిషంటారా? ఎన్నాళ్లు బతుకుతుందట?"

"మూసేసేదాకా. మనం పోయినా అది ఉంటుంది."

ఆమె పెన్ను కింద పెట్టేసింది.

"మనం పోయాక దాన్నెవరు చూస్తారే?"

"కొత్త డైరెక్టర్లు వస్తారులే."

"ముక్కూ మొహం తెలియని వాళ్ల చేతుల్లో వదిలేస్తావా?"

"అమ్మా, నువ్వు సంతకం పెట్టకపోతే అసలది పుట్టనే పుట్టదు."

"అంత మాటనకే తల్లీ," అంటూ గబగబా సంతకం పెట్టేసింది.

కాగితాల మీద ముద్ర పడింది. బయట ఎండ మండిపోతోంది. ఆమె గొడుగు విప్పి, కూతురి చేతిలోని ఫైలు మీదికి వంచింది.

"ఒళ్లే లేదన్నానుగా అమ్మా."

"పుట్టి పది నిమిషాలు కాలేదు. నువ్వు కాస్త పక్కకు జరుగు."