డిక్కీలో బావగారు

తన్నకండి బావగారూ. ఆ రేకు అసలే పలచబడి ఉంది. సొట్ట పడితే మళ్ళీ మీ వర్క్‌షాపుకే తేవాలి.

ఏమిటీ? ఆపాలా? ఇప్పుడేగా నేరేడ్‌మెట్ దాటాం! శబ్దం కనిపెట్టకుండా ఆపేస్తే ఎలా? అక్కడ మీ సన్మానసభలో అంతమంది ముందు ఏమన్నారు మీరు? "ఇటు వెళ్ళి అటు వచ్చేలోపల పట్టేస్తానమ్మా జగదాంబా" అన్నారా, లేదా?

మరి పట్టండి.

గాలి ఆడడం లేదని మాత్రం అనకండి. ఇది మీ తమ్ముడు చెవికి సాధన చేసిన మా సొంత బండి, వెనక సీటు వెనకాల అట్ట ఏనాడో పీకేశారు. డిక్కీలో పడుకున్నవాడికి ముందు మాట్లాడేది వినబడాలి, అక్కడ తట్టింది ముందున్నవాడికి వినబడాలి అని. ఇప్పుడు అడ్డం ఉన్నది సీటు గుడ్డ ఒక్కటే. అందుకే చూడండి, నేను గొంతు పెంచకుండానే మీకన్నీ చెబుతున్నాను. ఇన్నేళ్ళకి కుదిరింది.

కోపమా? నాకా? అయ్యో, కోపమైతే మిమ్మల్ని పేపర్లో చూసినరోజే వచ్చి శుభ్రంగా అరిచి పోయేదాన్ని. ఎంత పెద్ద ఫోటో వేశారండీ! "పాత కారు ఏ మూల మూలిగినా డిక్కీలో పడుకుని వింటాను. ఆ చప్పుడే నాకు రోగం చెబుతుంది. నా చెవే నా పనిముట్టు." మీ చెవి! నేను చదివి మీ తమ్ముడికి పేపరు ఇచ్చాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివారు. చదివి ఏమన్నారో తెలుసా? "అన్నయ్య ఫోటోలో చిక్కినట్టున్నాడు" అన్నారు.

అంతే. అదీ మా బుల్లబ్బాయి గారు.

ఆగండి, స్పీడ్ బ్రేకరొస్తోంది. విన్నారా? కిర్ర్ర్. ఎటునుంచి? తట్టండి. ఎడమైతే ఒకటి, కుడైతే రెండు. మీ అన్నదమ్ముల లెక్కే కదా.

ఒకటి. ఎడమా? ఇందాక మలుపులో రెండు తట్టారు. అంతకుముందు ఒకటి. బావగారూ, శబ్దం అటూ ఇటూ పరిగెత్తదు, మీరు పరిగెత్తుతున్నారు.

సరే, తేలికవి అడుగుతాను. బండి స్టార్ట్ చేయగానే ముందు కీచుమని అరిచి ఊరుకుంది చూశారా? ఫ్యాన్ బెల్టు వదులైంది. ఇదుగో, బ్రేకు మీద కాలు పెడుతున్నాను... సన్నగా ఈల. ప్యాడ్లు అరిగిపోయాయి, ఇంకొన్నాళ్ళు పోతే ఈల మానేసి గీరుతుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టకటకమనేది యాక్సిలు. ఇవన్నీ నాకెలా తెలుసంటారా? రోజూ అన్నం తింటూ ఆయన చెప్పేది అవే కదండీ. వేరే ఆడవాళ్ళ మొగుళ్ళు రాజకీయాలు చెబుతారు. నాకు బుష్‌లూ బేరింగులూ.

ఇక కిర్రు సంగతి. మీ మోకాలి పక్కన స్పేర్ టైరుంది. దాని బోల్టు వదులుగా ఉంది. చెయ్యి పెట్టి చూడండి, కదులుతుంది. పొద్దున నేనే వదులు చేశాను. మోకాలి పక్కన ఉన్నదానికి ఎడమా కుడీ తడుతున్నారే! నయం, శాలువా కప్పాక ఎక్కలేదు.

శాలువా వాళ్ళు ఎదురుచూస్తుంటారా? ఉండనివ్వండి. కారు యజమానుల సంఘం వాళ్ళు, తీరిక ఉన్నవాళ్ళే. టిఫిన్లు పెట్టారుగా.

అసలు ఎలా ఎక్కారండీ మీరు! నేను ఏదో ఒక సాకు చెబుతారనుకున్నాను. నడుం నొప్పి అనొచ్చు, బట్టలు మాసిపోతాయి అనొచ్చు. కానీ ఆ ఫోటోగ్రాఫరు ఓంప్రకాశ్ కెమెరా ఎత్తి, "సార్, పేపర్ల ఎట్ల చెప్పిన్రో గట్లనే జెర డిక్కీల పండుకోండి, ఒక్క ఫోటో" అనేసరికి, చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టేసరికి, మీ మొహం చూడాలి! ఎక్కితే కష్టం, ఎక్కకపోతే పేపర్లో చెప్పింది అబద్ధం. కాళ్ళు ముందు పెట్టాలో తల ముందు పెట్టాలో కూడా తెలీలేదు మీకు. మీ తమ్ముడైతే పక్కకి వాలి, ఒక్క దొర్లు దొర్లేవారు.

ఆ ఫోటో ముచ్చట ఓంప్రకాశ్ చెవిలో వేసింది నేనే. తలుపు వేసింది కూడా నేనే. "ట్రయల్ చూసి వస్తాం" అంటే అందరూ చేతులూపారు కూడా.

ఎక్కడికా? మల్కాజిగిరి మీదుగా లాలాగూడ వెళ్తున్నాం. రైల్వే క్వార్టర్ల వైపు.

తన్నడం మానేశారే? లాలాగూడ అనగానే చప్పుడు ఆగిపోయింది. చూశారా, ఒక్క మాటకి. ఇదీ రోగం పట్టడమంటే.

మీరు మరిచిపోయారేమో అనుకున్నాను. ఆ క్వార్టర్లలో ఉండే మీ కస్టమరు ఎరిక్ గారి కారు. నీలం రంగుది. ట్రయలుకి వెళ్ళారు, ముందు సీట్లో ఆయన, స్టీరింగు దగ్గర మీరు, డిక్కీలో మీ తమ్ముడు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూనే నాతో అన్నారు: "ఎరిక్ గారి బండి ముందు ఎడమ చక్రం బాల్ జాయింటు పోయింది జగదాంబా. గుంటలో పడితే చక్రం ఒరిగిపోతుంది. బండి ఇవ్వొద్దని అన్నయ్యకి చెప్పాను." నేను కంచం పెడుతున్నాను అప్పుడు. బాల్ జాయింటు అంటే ఏమిటని కూడా అడిగాను. భుజం దగ్గర ఎముక గుండ్రంగా ఉంటుంది చూడు, అలాంటిది, అది జారితే చెయ్యి ఊడినట్టే అన్నారు.

మర్నాడు మీరు బండి ఇచ్చేశారు. మార్చడానికి సామాను దొరకలేదు. వాళ్ళు కాజీపేటలో పెళ్ళికి పోవాలి. "కాదు" అనే మాట కస్టమరుతో మీ నోట రాదు. మెట్టుగూడ దిగుడులో చక్రం ఒరిగింది. బండి వెళ్ళి స్తంభానికి కొట్టుకుంది. ఎరిక్ గారి భార్య డోరా గారి కాలు రెండుచోట్ల విరిగింది.

ఆ తర్వాత మీరు చెప్పిన మాట... నేను అక్కడే ఉన్నాను బావగారూ, క్యారేజీ తెచ్చి గుమ్మంలో నిలబడ్డాను. ఎరిక్ గారు అరుస్తున్నారు. మీరు మీ తమ్ముణ్ణి భుజం పట్టుకుని ముందుకు లాగి, "వీడికి చెవుడు వచ్చింది సార్. దాచిపెట్టాడు. డోరు రబ్బరని చెప్పాడు, నమ్మాను" అన్నారు.

చెవుడు వస్తున్నమాట నిజమే. అన్నేళ్ళు ఆ రేకుల మధ్య తల పెడితే రాదా? కానీ ఆ రోజుకి ఇంకా వినబడుతోంది. వినబడింది. చెప్పారు.

దానికంటే పెద్ద దెబ్బ ఏమిటో తెలుసా? ఆయన మీ మాట నమ్మారు. నేను "మీరు బాల్ జాయింటన్నారండీ, నాతో అన్నారు" అంటే, "అన్నయ్య అబద్ధమెందుకు చెబుతాడే? మనసులో ఒకటి అనుకుని చేత్తో ఇంకోటి తట్టానేమో" అంటారు. ఇప్పుడు పూర్తిగా వినబడదు కదా. అయినా స్క్రూడ్రైవరు మొన ఫ్రిజ్ మీద ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుని కూర్చుంటారు. మిక్సీ వేస్తే వచ్చి దానికీ పెడతారు. ఏమైనా తెలుస్తోందా అని సైగ చేస్తే, "తెలుస్తోందో, తెలిసినట్టు అనుకుంటున్నానో" అంటారు. ఎదుటి మనిషి కాలు విరగ్గొట్టానని బతుకుతున్నారండీ మీ తమ్ముడు. చెయ్యని తప్పుకి లాలాగూడ వైపు బస్సు కూడా ఎక్కరు.

మల్కాజిగిరి వచ్చేసింది. ట్రాఫిక్కు. కాసేపు విశ్రాంతి తీసుకోండి.

ఆటోవాడు చూస్తున్నాడు, ఈవిడ ఎవరితో మాట్లాడుతోందని. ఫోనులో అనుకుంటాడులెండి. మీరు అరిస్తే మాత్రం వింటాడు. అరుస్తారా? అరవండి. డిక్కీ తెరుస్తారు. ఎందుకెక్కారని అడుగుతారు. చెప్పుకోండి.

అరవరని నాకు తెలుసు.

మొన్న మందుల షాపులో డోరా గారు కనబడ్డారు. నేను మొహం తిప్పుకున్నాను. ఆవిడే పిలిచింది. తిట్టడానికేలే అనుకున్నాను. "నీ మొగుడు మంచోడే అనుకున్నమమ్మా. గట్లెట్ల చేసిండు? డిక్కీలకెళ్ళి టక్ టక్ టక్ మూడుసార్లు కొట్టిండంట. ఏందని ఎరిక్ అడిగితే, అంతా ఓకే అంటున్నడని మీ బావ చెప్పిండంట" అంది.

షాపువాడు చిల్లర ఇస్తున్నాడు. నేను తీసుకోలేదు.

మూడు! మూడు తడితే ఏమిటో ఈ ఊళ్ళో ముగ్గురికే తెలుసు బావగారూ. మీకు, మీ తమ్ముడికి, నాకు.

డోరా గారికి అక్కడే చెప్పాను. ఆవిడ నా చెయ్యి నిమిరి, "పెండ్లాంవి కదా, గట్లనే చెప్తవు తీ" అంది. నిజమే. పెళ్ళాం మాట ఎవరు నమ్ముతారు? తట్టించుకున్నవాడే చెప్పాలి.

వచ్చేశాం. బండి ఆపుతున్నాను. కదలకండి, ఇంకా మీ ఇల్లు రాలేదు.

ఇప్పుడు ఒక పరీక్ష. ఈ చప్పుడు చెప్పండి. వినండి, బయటినుంచి. టక్... టక్... టక్. నెమ్మదిగా, ఒకే వరసన. బెల్టు కాదు. బుష్ కాదు. యాక్సిలు కాదు. దగ్గరికొస్తోంది.

డోరా గారి చేతికర్ర అది.

రండి ఎరిక్ గారూ, ముందు కూర్చోండి. ఆ రోజు కూర్చున్నచోటే. డోరా గారూ, మీరు వెనక. నెమ్మదిగా. కాలు లోపల పెట్టుకున్నారా? మీ వీపు వెనకాలే ఉన్నారు మా బావగారు, పద్మనాభం గారు. నేను ఫోనులో చెప్పానే, వస్తారని, ఆయనే వస్తారని. వచ్చారు.

అయ్యో, నవ్వకండి ఎరిక్ గారూ. నవ్వే పని కాదు.

ఈ గ్రౌండు చుట్టూ ఒక రౌండు వేస్తాను. బ్రేకర్లు బాగా ఉన్నాయి. బావగారూ, మిమ్మల్ని నేనేమీ అడగను. తట్టాలనిపించినప్పుడు తట్టండి. మీ ఇష్టం.

ఒక బ్రేకరు.

ఇంకోటి. తల కాచుకోండి, ఇది ఎత్తు.

ఇదుగో! విన్నారా ఎరిక్ గారూ? ఎన్ని? మూడా? నేనూ మూడే విన్నాను. ఏమన్నారు? ఆ రోజు కూడా సరిగ్గా ఇలాగే వినబడిందా? విన్నారా బావగారూ, ఎరిక్ గారికి గుర్తుంది.

మరి మూడంటే అంతా బాగుందని కదా మీరు ఈయనకి చెప్పింది. బాగుంటే సంతోషం. పోదాం పదండి.

మళ్ళీ మూడు. బాగుందంటున్నారు డోరా గారూ! ఇంకో చుట్టు వేద్దాం.

ఇంకా మూడు. అబ్బ, ఎంత బాగుందో! దబదబా బాదుతున్నారు.

ఏమిటీ? ఏదో అన్నారు. నాకు చెప్పకండి, నాకు తెలుసు. మీ ముందున్న ఆవిడకి చెప్పండి. గట్టిగా. వయసైపోయింది ఆవిడక్కూడా.

ఆపమని. మూడంటే ఆపమని. ఇంకా?

ఆ రోజు ఆపమని తట్టింది ఎవరు?

ఆపనిది ఎవరు?

...

విన్నారా డోరా గారూ? ఎరిక్ గారూ, విన్నారా?

సరే. ఆపేశాను. ఇంజిను తాళం కూడా తీసేశాను. ఇక ఏ చప్పుడూ లేదు.

నేను దిగి తెరవాలా? ఎందుకండీ? మీ తల దగ్గర, లైటు వెనకాల చెయ్యి పెట్టండి. నైలాన్ తాడు తగులుతుంది. లాగితే తలుపు తెరుచుకుంటుంది. ఇందాకటినుంచీ అక్కడే ఉంది. మే నెల ఎండలో ఆయన్ని ఈ డిక్కీలో మరిచిపోయి మీరు కస్టమరుతో టీ తాగడానికి వెళ్ళారు చూడండి, ఆ మర్నాడు ఆయన కట్టుకున్నారు. ఈ డిక్కీలో పడుకున్న ఎవరికైనా తెలిసే విషయమే.

దొరికిందా? లాగండి.

వంగి దిగండి, మీ ఖరీదైన చొక్కాకి గ్రీజు అంటింది. సంఘం వాళ్ళు ఫోను చేస్తూనే ఉన్నారు. ఆటో పట్టుకుని వెళ్ళి శాలువా కప్పించుకోండి. నాకు దాంతో పని లేదు. మా ఇంటికి ఈ ఇద్దర్నీ తీసుకెళ్తున్నాను. ఆయన ఎదురుగా కూర్చుని ఎరిక్ గారు బల్ల మీద మూడుసార్లు కొట్టి చూపిస్తానన్నారు. ఆయనకి వినబడదు. చెయ్యి బల్ల మీద పెడితే తెలుస్తుంది.

అంతా అయ్యాక ఆయనేమంటారో కూడా నాకు తెలుసు. సంతోషించరు. నా మీద విరుచుకుపడతారు. "అన్నయ్యకి నడుం నొప్పి కదే! డిక్కీలో పడుకోబెడతావా? కనీసం తలకిందకి ఏదైనా పెట్టావా?" అంటారు.

పెట్టాను. అదుగో, మీ తల కింద ఇంతసేపూ ఉన్నది ఆయన దిండే. దిగేటప్పుడు దాన్ని తొక్కకండి.