ఏడో తరం తాత పేరు

అంత మర్యాదగా సగం గిన్నె టీ పొయ్యకండి తాతా. మనిళ్ళల్లో ఇక లేచి వెళ్ళమనడానికి ఎలా పోస్తారో, అలా నిండా పోసెయ్యండి. నాకదే సరిపోతుంది.

ఏంటీ, పొద్దున్నే వచ్చి ఈ రౌషన్ ఇలా మాట్లాడుతోందేంటనుకుంటున్నారా? మా ఊరి ఆఫీసులో ఆ దిక్కుమాలిన కంప్యూటర్ గురించే. పోయినేడు గడ్డిబీడు దరఖాస్తుకి మీరొచ్చారు కదా. కాగితం మీద సంతకం చెల్లదు, కంప్యూటర్లోనే చెయ్యాలన్నాను. పేజీలో ఓ చిన్న పెట్టె, కింద ఒక బటన్. నొక్కితే కంటికి కనబడని జంట తాళంచెవులు కంప్యూటర్లో పుట్టేవి. ఒకటి పై ఆఫీసుకి పోయేది. రెండోది నొక్కిన కంప్యూటర్లోనే ఉండిపోయేది, అదుంటేనే సంతకం. ఇంట్లో కంప్యూటర్ లేనివాళ్ళు నలభై మంది. అందరివీ నా బల్ల మీదున్నదాంట్లోనే పుట్టించాను. మీదీ అందులోనే.

దానికి రహస్యపు మాట ఏం పెడదామంటే మీరు మీసం సవరించుకున్నారు. "కోజగుల్. మా ఏడో తరం తాత. ఆ పేరు మర్చిపోయిననాడు నేను చచ్చినట్టే" అన్నారు.

అలా చూడకండి తాతా. చెప్పనివ్వండి.

ఈ వసంతంలో కొత్త కంప్యూటర్ వచ్చింది. పాతది ఇచ్చేసేముందు అందరి తాళంచెవులూ నకలు తీసి పెట్టమని మా పెద్దసారు మూడుసార్లు చెప్పాడు. రేపు చేద్దాం, ఎల్లుండి చేద్దాం అనుకున్నాను. ఈలోగా కంప్యూటర్లవాళ్ళొచ్చి పాతదాన్ని మొత్తం తుడిచి పట్టుకుపోయారు. నలభై మందివీ పోయాయి.

మర్నాడే ఈ ఏటి బీడు కాగితానికి సంతకం పెట్టడానికి మీరొచ్చారు. నేను కోజగుల్ అని కొట్టాను. ఇందులో తాళంచెవి లేదని తెర మీద రష్యన్లో పడింది. మీరు కళ్ళద్దాలు తెచ్చుకోలేదు. పెద్దసారేమో నా వెనకే నిలబడున్నాడు. నిజం చెబితే ఉద్యోగం ఊడుతుంది. అప్పుడు నేనేమన్నాను? "పేరు తప్పు తాతా, బాగా గుర్తు తెచ్చుకోండి" అన్నాను.

మీరు మళ్ళీ కోజగుల్ అన్నారు. తప్పన్నాను. అప్పుడు ఆరో ఆయన పేరు చెప్పారు, ఐదో ఆయనది చెప్పారు. వేళ్ళు మడుస్తూ, నుదురు తుడుచుకుంటూ ఏడుగురినీ చెప్పారు. ఒక్కొక్కటీ కొట్టినట్టే కొట్టి, ఒక్కొక్కటీ తప్పన్నాను.

తర్వాత పది నిమిషాల్లో కొత్తది చేసిచ్చాను కదా. ఈసారి మాటేం పెడదామంటే, "నువ్వే ఏదో ఒకటి పెట్టమ్మా" అన్నారు. బీడు దక్కింది, ఎవరికేం నష్టంలే అనుకుని ఇంటికెళ్ళి అన్నం తిన్నాను. అన్నమెలా దిగిందో, సిగ్గులేనిదాన్ని.

పిల్లనిచ్చేవాళ్ళయినా, చేసుకునేవాళ్ళయినా ఏడు తరాల్లో చుట్టరికం తగిలితే పెళ్ళి కూడదని, అది తేల్చుకోవడానికి మీ గుమ్మానికే కదా వచ్చేది? ఇప్పుడెవరొచ్చినా నా బుర్ర పోయింది, ఇంకెవరినైనా అడగండి అంటున్నారట. ఇంకెవరున్నారు తాతా? మీ పేరెత్తి, ఎసెన్‌గెల్ది ముసలాడికి మతి తప్పిందని బజార్లో అంటుంటే నా చెవులతో విన్నాను. విని, ఉల్లిపాయలు కొనుక్కుని వచ్చేశాను.

కోజగుల్ సరైన పేరే తాతా. ఏడుగురి పేర్లూ సరైనవే. మీ బుర్రకేం కాలేదు. పాడయింది నా నోరు.

తిట్టండి. చెయ్యెత్తినా పడతాను.

ఇంకొక్కటుంది. పాపం మనసు కుదురుగా ఉండక వచ్చి చెబుతోంది అనుకునేరు, అదీ చెప్పేస్తాను. నిన్న మిమ్మల్నడగడానికి వచ్చి ఉత్త చేతుల్తో వెళ్ళినవాళ్ళు మా తమ్ముడు మెయిర్‌ఖాన్‌కి కుదిరిన పిల్ల తరఫువాళ్ళు. మీరు సరేననందే పెళ్ళి లేదని తేల్చేశారు. ఈ నాలుగు నెలల్లో ఊళ్ళో మూడు పెళ్ళిళ్ళు ఇలాగే ఆగాయి.

అప్పుడు రాలేదు తాతా. నాలుగోది మా ఇంటిది, అందుకొచ్చాను.