నిమ్మకాయల లారీ

టీ కొట్టు పక్కనే లాండ్రీ. అక్కాతమ్ముళ్లిద్దరిదీ. ఉతికేదీ ఇస్త్రీ చేసేదీ అక్క. మూటలు మోసేదీ మాటలు చెప్పేదీ తమ్ముడు. సబ్బు లేకుండానే నురగ తెప్పిస్తాడని వీధి వీధంతా అతన్ని నురగ బాబాయ్ అంటుంది. వెనక వీధిలో మిషన్ల లాండ్రీ పెట్టిన దగ్గర్నుంచీ మూటలు సగానికి సగం పడిపోయాయి. అందుకే ఆ ఉదయం లాడ్జి మేనేజరమ్మ టీ కొట్టు బల్ల మీద కూర్చుని, దుప్పట్లు ఉతికేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడగ్గానే బాబాయ్‌కి ప్రాణం లేచొచ్చింది.

పసుపు మరకలు పోతాయా అన్నది ఆవిడ అనుమానం.

"పసుపా మేడమ్, పసుపుతో నాకు పాత స్నేహం," అంటూ గ్లాసు కింద పెట్టాడు. "ఒకాయన తెల్లచొక్కా తెచ్చాడు, జేబు మీద ఇంత మరక. సబ్బు రాశానో లేదో, పచ్చటి మరక కాస్తా రక్తంలా ఎర్రబడింది. ఇంకొకడైతే హడలి చచ్చేవాడు. నేను నింపాదిగా నిమ్మచెక్క పిండాను, మళ్లీ పసుపు. ఎండలో ఆరేశాను, సాయంత్రానికి మాయం."

మేనేజరమ్మ తల ఊపింది. అక్కడితో ఆపితే పని అయిపోయేదే. కానీ ఆ తల ఊపు చూశాక అతని నాలుక ఆగితేగా.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఈ సంగతి ఆ నోటా ఈ నోటా పడి ఊరంతా పాకింది. ఓ రోజు ఈతకొలను పక్కన పసుపు లారీ బోల్తా పడింది. బస్తాలన్నీ నీళ్లలోకే. లోపల మూడొందల మంది జనం, ఒంటినిండా సబ్బు..."

"ఈతకొలనులో సబ్బెందుకు?" అన్నాడు పక్క కొట్టు దర్జీ, సూదిలోకి దారం ఎక్కిస్తూ.

"ఆ రోజు ఇళ్లల్లో నీళ్లు రాలేదులే," అన్నాడు బాబాయ్ తడుముకోకుండా. "కొలను మొత్తం ఎర్రబారింది. ఫైరింజన్లు వచ్చి దిక్కుతోచక నిలబడిపోయాయి. నాకు కబురొచ్చింది. వెళ్లి, నిమ్మకాయల లారీ తెప్పించమన్నాను. రసం తీయించి పైపులతో కొట్టించాను. నీళ్లు పసుపైపోయాయి. అయితే అందులో బట్టల సోడా కూడా ఉందని నాకెవరూ చెప్పలేదు మేడమ్. పులుపు తగిలిందా, బుసబుసమని పొంగింది. నురగ ఒక అంతస్తు, రెండంతస్తులు... మేడ మీద బట్టలారేసుకుంటున్న పెద్దాయన దాని మీద కూర్చుని మార్కెట్‌కి పోయి, కూరగాయలు కొనుక్కుని, నురగ దిగేలోపు ఇల్లు చేరాడు."

టీ కొట్టాయన పాలు పొంగుతున్నా చూసుకోలేదు. మేనేజరమ్మ మొహంలో ఏముందో మాత్రం బాబాయ్‌కి అంతుపట్టలేదు. నమ్మలేదేమోనని భయం వేసి, ఇంకాస్త పెంచాడు.

"మిగిలిన పసుపుని ఎండకి వదిలేశాను. అంత రంగు లాగీ లాగీ, ఆ రోజు సూర్యుడు అలిసిపోయి గంట ముందే అస్తమించాడు."

అక్క ఎప్పుడొచ్చిందో, తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ లాండ్రీ గుమ్మంలో నిలబడి వింటోంది.

"ఒరేయ్ తమ్ముడూ, సూర్యుడి సంగతి నాకు తెలీదు గానీ, ఆ చొక్కా ఎర్రబడ్డ రోజు నీ వేలు తెగిందనుకుని ఆస్పత్రికి పరిగెత్తావు. నువ్వు కట్టు కట్టించుకుని వచ్చేసరికి నిమ్మకాయ పిండి ఆరేసింది నేను."

దర్జీకి పొలమారింది. చేతికందిన పని చేజేతులా జారవిడుచుకున్నానని మనసులో కుమిలిపోతూనే, "దెబ్బ లోపల తగిలిందన్నాడు డాక్టరు," అని గొణిగాడు బాబాయ్.

మేనేజరమ్మ అక్క వైపు తిరిగి, పాత మరకలైతే ఎన్నాళ్లు పడుతుందని అడిగింది. కొన్ని రెండెండలకి పోతాయని, కొన్ని ఎన్ని ఎండలకీ పోవని అక్క ఉన్నదున్నట్టు చెప్పింది. ఆవిడ టీ ముగించి లేచింది.

"ఉతికేది మీ అక్కగారు," అంది బాబాయ్‌తో. "రేపట్నుంచి దుప్పట్లు మోసేది మీరు. మాకు ఐదంతస్తులు, లిఫ్టు లేదు. పైకొచ్చేసరికి మీకు మాట్లాడే ఊపిరి ఉండదు. మా లాడ్జిలో దిగేవాళ్లకి కావలసింది కూడా ఆ నిశ్శబ్దమే."