యెలోవిత్సా తివాచీలు: నెవెన్కా ద్రగీయెవా గారి సేవాకాలం

1999వ సంవత్సరం మార్చి ఒకటో తేదీ, సోమవారం. మణికట్లకు ఎరుపు తెలుపు దారాలు ముడివేసుకొని పర్వత ప్రాంతమంతా వసంతాగమనానికి ఎదురుచూసే ఆ ఉదయాన, శ్రీమతి నెవెన్కా ద్రగీయెవా గారు మా పర్వత గ్రామాభివృద్ధి సంస్థలో సహాయకురాలిగా బాధ్యతలు స్వీకరించారు. అంతకుపూర్వం పట్టణ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో వారు చేసిన ఉద్యోగం, కొత్త యంత్రాలు రాగానే పోయింది. ఇంటర్వ్యూలో మన డైరెక్టరు అసెన్ పారోవ్ గారు, "ఈ పనిలో ఊళ్ళ తరఫున నలుగుర్నీ అడగాలమ్మా. మీకు అడగడం వచ్చా?" అని ప్రశ్నించారట. "పొద్దస్తమానం 'ఎవరు కావాలండీ' అని అడిగే ఉద్యోగమేనండీ ఇన్నాళ్ళూ చేసింది" అని ఆమె బదులిచ్చారు. పారోవ్ గారు నవ్వి, మరుసటి వారమే చేరమన్నారు.

నాటికి మన సంస్థ అంటే ఒక గది, పొగ కక్కే ఒక పొయ్యి, ఎవరికీ అర్థంకాని ఒక ఆశయం. గ్రామాల అభివృద్ధికి దాతృసంస్థల నుండి నిధులు సమకూర్చడం గౌరవప్రదమైన వృత్తి అని నమ్మినవారు బహుశా ఆ గదిలోని ఇద్దరే. అటువంటి రోజుల్లో నెవెన్కా గారికి అప్పగించబడిన మొదటి కార్యం యెలోవిత్సా గ్రామ పఠన మందిరం. ఊరి పుస్తకాలూ, నాటకాలూ, పసిపిల్లల బాలవాడీ అన్నీ ఆ కప్పు కిందనే. ఆ కప్పు కారుతోంది, గోడలు చెమ్మెక్కాయి, నేల చెక్కలు పుచ్చాయి. శరత్కాలంలోగా మరమ్మతు జరగకపోతే బాలవాడిని మూసివేస్తామని అధికారులు తెలియజేశారు. మూసివేస్తే పసివాళ్ళు చీకటితో లేచి కొండమలుపుల్లో బస్సెక్కాలి. ఆ బాధ పడలేక పడుచు దంపతులు అప్పటికే పట్టణంలో అద్దె ఇళ్ళు వెతుకుతున్నారు. బాలవాడి పోతే వాళ్ళు పోతారు, వాళ్ళు పోతే ఊరే పోతుంది.

నెవెన్కా గారు ఉన్నది ఉన్నట్టుగా దరఖాస్తు రాశారు. ఉత్తరానున్న ఒక విదేశపు దాతృసంస్థ ఆసక్తి చూపి, పరిశీలనకై శ్రీమతి ఇంగెర్ హోల్మ్ గారిని పంపుతామన్నది. ఆమె మన రాజధాని సోఫియాలో ఏళ్ళతరబడి నివసించి మన భాష నేర్చినవారు. ఇక్కడే మన నెవెన్కా గారు పప్పులో కాలేశారు. టెలిఫోన్ అలవాటు ఊరుకోనిస్తుందా? "గురువారం అతిథి వస్తున్నారు, తలుపులు తెరిచి ఉంచండి చాలు" అని ఊరికి ముందే ఫోను చేశారు.

గురువారం అతిథితో కారు దిగి నెవెన్కా గారు లోపలికి అడుగుపెట్టేసరికి, దరఖాస్తులో రాసిన మందిరం ఎక్కడా కనపడలేదు. గోడల నిండా ఉన్ని తివాచీలు, పుచ్చిన చెక్కల మీద ఇంకా మందమైన తివాచీలు. ఎవరి గొడ్లసావడి నుండో ఊడదీసి తెచ్చిన రాతిపలకలు కప్పు మీద, కిటికీల్లో పూలకుండీలు. బల్ల మీద గొర్రె వేపుడూ, పొగలు కక్కే బంగాళదుంపల రొట్టె పతాత్నిక్, పళ్ళసారా రాకియా. ఎంబ్రాయిడరీ చొక్కాలు తొడుక్కున్న పిల్లలు నేల మీద బుద్ధిగా కూర్చున్నారు.

హోల్మ్ గారు చుట్టూ చూసి, "ఎంత ముచ్చటగా ఉంచుకున్నారండీ. మీరు రాసింది చదివి కూలిపోయే కొంపేమో అనుకున్నాను. ఇంతకంటే అధ్వానంగా ఉన్న ఊళ్ళు మాకు చాలా ఉన్నాయి" అన్నారు.

నెవెన్కా గారు మందిరం అధ్యక్షురాలు రాద్కా అవ్వను వంటగదిలోకి లాక్కుపోయారు.

"అవ్వా, ఇదేం పని? గోడలే కనపడకుండా చేశారు."

"ఇంటికొచ్చిన మనిషికి బూజు చూపిస్తామా ఏంటే? మా అమ్మ నన్నట్లా పెంచలేదు. అసలు నువ్వా కాగితంలో మమ్మల్ని అడుక్కుతినేవాళ్ళలాగా రాశావంట గదా."

"అడక్కపోతే బాలవాడి మూసేస్తారవ్వా."

"అడగొద్దన్నానా? అడుగు. నా గోడ మీది తివాచీ జోలికి మాత్రం రాకు."

గోడ మీది తివాచీని ఒక్క లాగు లాగితే బాలవాడి నిలుస్తుంది. కానీ పరాయి మనిషి ముందు రాద్కా అవ్వ తల వంచుకోవాలి. నెవెన్కా గారు జన్మలో మళ్ళీ ఆ గడప తొక్కలేరు. నోరు మూసుకుంటే బాలవాడి పోతుంది. నెవెన్కా గారు రుమాలుతో మొహం ఒకసారి తుడుచుకొని, ముందుగదిలోకి వచ్చి అతిథితో ఇలా అన్నారు.

"ఆ తివాచీ మా రాద్కా అవ్వ నేసిందేనండీ. ముందువైపు చూసి మెచ్చుకుంటే ఆవిడకి ఆనదు. మావైపు నేతపని మంచిచెడ్డలు వెనకవైపే చూస్తారు. చూపించవ్వా."

రాద్కా అవ్వ అంచు మీద చెయ్యి వేసి ఆగింది. నెవెన్కా గారి వంక గుచ్చి గుచ్చి చూసింది. తర్వాత నేల మీది పిల్లలను చూసింది. తర్వాత తివాచీని ఎత్తి తిరగేసింది. వెనక గోడ నల్లగా, తడిగా, పెచ్చులూడి ఉంది.

"ముడులు చూడమ్మా, ముందు ముడులు చూడు. గోడ తర్వాత చూద్దువుగాని" అంది అవ్వ.

హోల్మ్ గారు ముందు ముడులే చూశారు, కళ్ళజోడు సవరించుకొని మరీ చూశారు. ఆ తర్వాతే గోడను చూశారు. రాద్కా అవ్వ ఇక ఎవరూ అడగకుండానే ఏ తివాచీ ఎవరు నేశారో చెబుతూ, ఒక్కొక్కటీ తానే ఎత్తి చూపుకుంటూ పోయింది. వేసవి రాకముందే నిధులు మంజూరయ్యాయి. బాలవాడి మూతపడలేదు.

ఆ సాయంత్రం కారు దగ్గర అవ్వతో జరిగిన సంభాషణను నెవెన్కా గారు మాకు చాలాసార్లు వినిపించారు.

"నా చేతే తీయించావు గదే, టెలిఫోన్ పిల్లా."

"తీయించానవ్వా. కోపమా?"

"ఎందుకుండదూ? ఈసారి ఆ కాగితమేదో రాస్తే ముందు మాకు చదివి వినిపించు."

మన సంస్థ పనితీరుకు ఆ మాటే పునాది అయింది. 2004లో కార్యక్రమాధికారిగా, అనంతరం నిధుల విభాగాధిపతిగా పదోన్నతులు పొందిన నెవెన్కా గారు, ఏ దరఖాస్తునైనా ఆ ఊరి మందిరంలో పైకి చదివి వినిపించనిదే పంపలేదు. ఏ వాక్యం దగ్గర ఎవరు తల దించుకున్నా ఆ వాక్యం కొట్టివేయవలసిందే. గ్రామానికి లేనిది రాయడానికి ముందు ఉన్నది రాయాలన్నది వారి శాసనం. "నెవెన్కా గారూ, ఇది దరఖాస్తా, పెళ్ళి సంబంధమా? అన్నీ పిల్ల తరఫు గొప్పలే" అని పారోవ్ గారు విసుక్కుంటే, "సంబంధమేనండీ. ఇచ్చేవాళ్ళ ముందు పుచ్చుకునేవాళ్ళు తలెత్తుకోవద్దూ?" అనేవారు. తిరస్కరణలు రాలేదని కాదు, బోలెడు వచ్చాయి. వచ్చిన ప్రతిసారీ మనలను కూర్చోబెట్టి చిక్కటి కాఫీ పోసి, అదే దరఖాస్తును మళ్ళీ మొదటి నుండి రాయించేవారు. ఆ కాఫీ తాగడం కంటే రాయడమే సులువు. నేడు ఈ కొండల్లో నడుస్తున్న మంచినీటి పథకాల్లో, తేనె కేంద్రాల్లో, ఊరూరా తిరిగే పళ్ళ వైద్యుల బండిలో వారి చేయి ఉంది. వారి గొంతు సంగతి చెప్పనక్కరలేదు, ఫోనులో మాట్లాడితే కింది అంతస్తు దుకాణం వరకూ వినపడేది.

ఈ జూన్ ముప్పయ్యో తేదీన వారు పదవీ విరమణ చేస్తున్నారు. అభినందన సభ యెలోవిత్సా పఠన మందిరంలోనే. ఆర్భాటాలు వద్దని నెవెన్కా గారు ముందుగానే ఫోను చేశారు. ఫోను చేస్తే ఏమవుతుందో వారికింకా తెలిసిరాలేదు. రాద్కా అవ్వ ఆనాటి తివాచీని సన్మాన కానుకగా అదే గోడకు, వెనకవైపు జనానికి కనపడేలా వేలాడదీయించింది. ఈ సంచికలో వేయమని తన మాటగా మాకు చెప్పింది: "అంచు ఎత్తి చూసుకోమనండి ఆ టెలిఫోన్ పిల్లని. ఈసారి వెనక గోడ తెల్లగా ఉంది."

నెవెన్కా గారి మోకాళ్ళు ఈ కొండదారులకు మరెన్నో ఏళ్ళు సహకరించాలనీ, ఆ గొంతు ఇలాగే కింది అంతస్తు దాకా వినపడుతూ ఉండాలనీ, ఇన్నేళ్ళూ ఊళ్ళ తరఫున అడగడానికే గడపలు తొక్కిన ఆమె ఇకపై ప్రతి గడపలోనూ అతిథిగా కూర్చొని, అవతలి గదిలో బాలవాడి పిల్లలు చేసే గోల వింటూ తీరిగ్గా భోంచేయాలనీ, మనసారా కోరుకుంటున్నాము.